‘క్లయింట్ భార్య’ అని దిద్దిన నా డిసర్టేషన్

నిన్న సాయంత్రం డిసర్టేషన్ వైవా అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నా. టాపిక్: అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ విస్కాన్సిన్ రాష్ట్రంలో కట్టుకున్న ఇల్లు, టాలియెసిన్. ఫారం నింపడం, గైడ్‌ని కేటాయించడం ఇట్టే అయిపోయాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఒక మంచి పుస్తకం కూడా దొరికింది.

గొడవంతా సినాప్సిస్ రివ్యూలోనే, అంటే రాసినదాన్ని క్లాసు ముందు గైడ్ చూసే రోజున.

రైట్‌కి భార్య, ఆరుగురు పిల్లలు. షికాగో పక్కన ఓక్ పార్క్‌లో ఎడ్విన్ చెనీ అనే ఆయనకి ఇల్లు కట్టిచ్చాడు. ఆయన భార్య మేమా బోర్త్‌విక్‌తో పరిచయం ప్రేమగా మారి, 1909లో ఇద్దరూ ఇళ్లు వదిలి యూరప్ వెళ్లిపోయారు. పత్రికలు ఉతికి ఆరేశాయి. చెనీ 1911లో విడాకులిచ్చాడు. రైట్ భార్య కేథరిన్ మాత్రం ససేమిరా అంది. ఇక ఓక్ పార్క్‌లో కలిసి బతికే దారి లేకే, అమ్మ తరఫు వాళ్ల లోయలో, కొండ నెత్తిన కాకుండా కాస్త కింద వాలును ఆనుకుని ఈ ఇల్లు కట్టాడు. నా వాదనంతా ఇదే.

గైడ్ గారు ఆవిడ పేరు గట్టిగా “మామా” అని చదివారు. క్లాసంతా గొల్లుమంది. “మేమా అండి” అన్నాను, ఇంకా నవ్వారు. “ఆడపిల్లవి, లేచిపోయిన కథలు నీకెందుకమ్మా? సీరియల్ తీస్తావా?” అన్నారు సార్. ఎర్రపెన్ను తీసి, నేను నిలబడి చూస్తుండగానే, ఆ పేరు కనబడిన ప్రతిచోటా కొట్టేసి పైన ‘క్లయింట్ భార్య’ అని రాసుకుంటూ పోయారు.

1914 పేజీలో కూడా! ఆ ఏడాది ఆగస్టు 15న, రైట్ షికాగోలో మిడ్‌వే గార్డెన్స్ అనే వినోద కేంద్రం పనిలో ఉండగా, పనివాడు జూలియన్ కార్ల్టన్ భోజనాల వేళ ఇంటికి నిప్పుపెట్టి గొడ్డలితో మీదపడ్డాడు. మేమా, ఆమె దగ్గరికి వచ్చిన ఇద్దరు పిల్లలతో కలిపి ఏడుగురు చనిపోయారు. వాడు జైల్లోనే పోయాడు, కారణం తేలనే లేదు. అప్పటికి ఆవిడకి విడాకులై మూడేళ్లు. స్వీడన్ రచయిత్రి ఎలెన్ కీ రచనల్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన మనిషి. ఇంకా ఎవరి భార్య? ఏ క్లయింటు? పిల్లల్ని వదిలిపోయిన రైట్‌ని నేనూ వెనకేసుకురాను. కానీ ఆయన ఇళ్లు క్లాసులో పొగుడుతూ, ఆ ఇంట్లో చచ్చిపోయినావిడ పేరు పలకడం తప్పంటే అదేం మర్యాదండీ?

నేను పేరు తియ్యలేదు. ప్లాన్లు, సెక్షన్లు ముందుకు తెచ్చి, కథంతా ‘సైట్ ఎంపిక’ చాప్టర్‌లో పెట్టా. సార్ డ్రాయింగులు తిరగేసి సంతకం పెట్టేశారు. ఇలాంటి గైడ్‌లకి మొదటి పది పేజీలు అందంగా ఉంటే చాలు.

వైవాలో ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి ఎగ్జామినర్‌గా వచ్చిన మేడమ్ మొదటి ప్రశ్నే, “షికాగోలో అంత పేరున్నవాడు ఆ పల్లెకి ఎందుకెళ్లాడు?” అని. అంతే, నేను అందుకున్నా. మా బ్యాచ్‌లో అంత సేపు ఆపకుండా విన్నది నాదొక్కటే. సార్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు.

ఈ టాపిక్ తీసుకునే జూనియర్లకి ఒక్క మాట: 1914 మంటల్ని, 1925లో వైరింగ్ వల్ల అంటుకున్న మంటల్ని కలిపేయకండి. రెండుసార్లూ కాలింది నివాస భాగమే, స్టూడియో మిగిలింది. మేడమ్ గుచ్చి గుచ్చి అడిగింది అక్కడే.