ముందు కాలువ, ఆ తర్వాతే చెట్టు

విక్టోరియా అనగానే వైజాగ్‌వాళ్లకు గుర్తొచ్చేది వన్‌టౌన్‌లోని రాణిబొమ్మ. ఆవిడ కాలం నాటి పనుల్లో మనకు ఆ బొమ్మకన్నా ఎక్కువ పనికొచ్చేది ఇంకొకటుంది. లివర్‌పూల్‌కు ఎదురుగా, మెర్సీ నది అవతలి ఒడ్డున, బర్కెన్‌హెడ్ అనే రేవు ఊళ్లో 1847 ఏప్రిల్ 5న తెరిచిన పార్కు. ఊరి డబ్బుతో స్థలం కొని, ఊరందరికీ ఉచితంగా వదిలిన మొదటి పార్కు అదే. అంతకు ముందే, 1840లో, డెర్బీలో ఒక పార్కు ఉంది. కానీ అది జోసెఫ్ స్ట్రట్ అనే ధనవంతుడు ఇచ్చిన దానం, పైగా ఉచిత ప్రవేశం వారానికి రెండు రోజులే. మిగతా రోజుల్లో టికెట్.

బర్కెన్‌హెడ్ స్థలం చిత్తడి నేల. పశువులు మేయడానికి తప్ప దేనికీ పనికిరాదనుకున్నది. 1843లో పార్లమెంటు నుంచి చట్టం తెచ్చుకుని ఆ నేల కొన్నారు. అందులో 125 ఎకరాలు పార్కుకు వదిలి, చుట్టూ ఉన్నది ఇళ్ల ప్లాట్లుగా అమ్మకానికి పెట్టారు. పార్కు ఎదురుగా ఇల్లంటే ధర పలుకుతుంది కదా, ఆ ధరతోనే పార్కు ఖర్చు రాబట్టాలన్నది లెక్క. మన లేఅవుట్లలో జరిగేది దీనికి సరిగ్గా తిరగబడింది: ముందు ప్లాట్లన్నీ అమ్ముతారు, ఎవరికీ అక్కర్లేని పల్లపు మూలను చివర్లో పార్కు అంటారు. అలాంటి మూలల్లో నీళ్లు నిలవకపోతే ఆశ్చర్యపోవాలి.

ఆ పార్కుకు రూపం గీసిన జోసెఫ్ పాక్స్‌టన్ ఆ చిత్తడి నేలలో మొదట చెట్టు నాటలేదు. నీటికి దారి చూపించాడు. చెరువులు తవ్వించి, ఆ మట్టినే మిట్టలుగా పోయించాడు. మట్టి బయటినుంచి తేనక్కర్లేదు, తవ్వింది బయటికి మోయనక్కర్లేదు. ఎత్తైన చోట చెట్లొచ్చాయి, పల్లంలో నీళ్లు నిలిచాయి. బండ్లు తిరిగే దారి బయటి చుట్టు, నడిచేవాళ్ల దారులు లోపల. 1850లో అక్కడికి వచ్చిన అమెరికన్ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఇది చూసి ముగ్ధుడయ్యాడు. తర్వాత న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకడు ఆయనే. పాక్స్‌టన్ పేరు అందరికీ తెలుసు. పనులు దగ్గరుండి చేయించి, ఆ తర్వాత కూడా పార్కును కనిపెట్టుకుని ఉన్న ఎడ్వర్డ్ కెంప్ పేరు తక్కువమందికి తెలుసు. నా లెక్కలో ఆ పార్కు నిలబడింది కెంప్ వల్ల.

మన దగ్గరికి వద్దాం. గట్టి వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే ఏ పార్కుకైనా వెళ్లి వాకింగ్ ట్రాక్ చూడండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో అక్కడ పేవర్ బ్లాకులు కుంగి ఉంటాయి. బ్లాకు నాసిరకం కావడం అరుదు. దాని కింది ఇసుక కారిపోయి ఉంటుంది. ఇసుక పరుపు రెండంగుళాలు దాటకూడదు, దాని కింద కంకర బాగా దట్టించి ఉండాలి, రెండు అంచుల్లో కెర్బు రాయి కాంక్రీటులో పాతి ఉండాలి. కెర్బు కదిలితే చివరి వరస బ్లాకులు పక్కకు జరుగుతాయి. సందుల్లోంచి ఇసుక జారుతుంది, రెండు వానలకు గుంట పడుతుంది. గుంట పడ్డాక పైన సిమెంటు పూసి మూయడం మన అలవాటు. దానివల్ల నీరు ఇంకే దారి కూడా పోతుంది. వాలు మీటరుకు 2 సెంటీమీటర్లు ఉంటే చాలు, మీటరున్నర ట్రాక్‌కు ఒక అంచు మూడు సెంటీమీటర్లు పల్లం. రసమట్టం, ఒక బద్ద చాలు, పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పల్లపు అంచున కాలువ ఉందా, ఆ కాలువ ఎక్కడో ఒకచోట బయటికి కలుస్తోందా అన్నది రెండో ప్రశ్న. చాలాచోట్ల మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు.

ఇక ఇనుము. విక్టోరియా కాలపు పార్కుల్లో బ్యాండ్‌స్టాండ్లు (బ్యాండు వాయించే కప్పున్న మంటపాలు), గేట్లు, రెయిలింగులు ఎక్కువగా పోత ఇనుముతో చేసినవి. చాలా బ్యాండ్‌స్టాండ్లలో స్తంభాలు బోలుగా ఉండేవి, కప్పు మీద పడ్డ వాన నీరు స్తంభం లోపలినుంచే కిందికి దిగేది. పైపు కనపడదు, చూపుకు అందం. ఆకులు పడి అడుగున మూసుకుపోయిందంటే మాత్రం స్తంభం నీటితో నిండిపోతుంది. లోపలినుంచి తుప్పు పడుతుంది, అక్కడి చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి స్తంభాన్నే పగలగొడుతుంది. పైనుంచి చూస్తే రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంకో జబ్బు అతుకుల్లో వస్తుంది. ముక్కల్ని కలిపే బోల్టులు, చీలలు సాగగొట్టిన ఇనుముతో చేసినవి. అవి తుప్పు పడితే ఆ తుప్పు అసలు లోహం కన్నా ఆరేడు రెట్ల దాకా చోటు అడుగుతుంది. పోత ఇనుము సాగదు, పెళుసు. కాబట్టి పక్కనున్న నగిషీ ముక్క ఫట్‌మని చీలుతుంది. దాన్ని వీధి వెల్డింగ్‌తో అతికించబోతే చల్లారేటప్పుడు పక్కన ఇంకో చీలిక వస్తుంది. వేడి లేకుండా లోహపు కుట్లు వేసి కలపాలి, లేదా అచ్చు తీసి మళ్లీ పోత పోయించాలి.

మనకు మంచు బాధ లేదు, ఉప్పుగాలి ఉంది. బీచ్ రోడ్డు పక్కన మైల్డ్ స్టీల్ గొట్టంతో చేసిన రెయిలింగు, ఊయల స్తంభం, జిమ్ సామాను, అన్నిటికీ తుప్పు ఎక్కువగా మొదలయ్యేది రెండు చోట్ల: మూత లేని గొట్టం కొనలో, నేలలోకి దిగే చోట. రెండోదాన్ని జాగ్రత్తగా చూడాలి. గొట్టాన్ని కాంక్రీటులో పాతినప్పుడు చుట్టూ చిన్న పళ్లెంలా గుంట మిగిలితే అక్కడ నీరు నిలుస్తుంది, గొట్టం ఆ గీత దగ్గరే కొరికేసినట్టు సన్నబడుతుంది. పిల్లలు ఊగేది దాని మీదే. ఒక చిన్న సుత్తితో అడుగున తట్టండి. ఖంగున మోగితే సరే, మొద్దుగా శబ్దం వస్తే ఆ ఊయలకు తాడు కట్టి ఆపేయండి.

రంగు వేయడంలో మనవాళ్లు వదిలేసే మెట్టు మొదటిదే. ముందు మంచినీళ్లతో ఉప్పు కడగాలి, ఆరాలి, ఆ తర్వాత వైరు బ్రష్‌తో గాని ఇసుక బ్లాస్టింగ్‌తో గాని తుప్పు దులపాలి. ఉప్పు కడగకుండా గీకితే అది లోహపు గుంటల్లోకే దిగుతుంది, ఆర్నెల్లలో పెయింటు పొక్కులు లేస్తుంది. గీకిన రోజే ప్రైమర్ పడాలి, రాత్రి గాలికి వదిలితే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ రెండు కోట్లు, మూలలకూ వెల్డింగ్ గీతలకూ బ్రష్‌తో ఒక కోటు అదనంగా, పైన రంగు. మంచు తడి ఆరని పొద్దుటిపూట వేయకూడదు. లోహం వేడి, గాలిలో తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింటు పనివాళ్ల కొలత. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నాలు దీనికి అనువు. ఆగస్టు పదిహేనుకు ముందు హడావిడిగా వేసే రంగు గురించి చెప్పడానికేమీ లేదు.

చెరువుల మాట కొద్దిగా. ఆకులు, మట్టి, బాతులకు విసిరే రొట్టె ముక్కలు, ఇవన్నీ అడుగున చేరి నీటిని పచ్చగా మారుస్తాయి. అక్కడా ఇదే, ఇక్కడా ఇదే. పూడిక ఎంతుందో తెలుసుకోవడానికి రెండు గెడలు చాలు. ఒకదాని కొనకు పళ్లెం బిగించి దించితే బురద పైభాగంలో ఆగుతుంది, ఉత్త గెడను గట్టిగా గుచ్చితే గట్టి నేల దాకా పోతుంది. తేడా పూడిక మందం. ఎకరం చెరువులో సగటున 30 సెంటీమీటర్లుంటే 1,200 ఘనపు మీటర్లు, ఆరు ఘనపు మీటర్ల టిప్పర్‌తో 200 ట్రిప్పులు. ఈ లెక్క వేయకుండా టెండరు పిలిస్తే గట్టు దగ్గర బురద తీసి ఫొటో దిగుతారు.

బర్కెన్‌హెడ్ ఇప్పుడు ఎలా ఉందంటే, బాగానే ఉంది. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో బ్రిటన్ జాతీయ లాటరీ ఆదాయంలోంచి ఇచ్చే నిధులతో పెద్ద మరమ్మతు జరిగింది. 2023లో బ్రిటన్ తన ప్రపంచ వారసత్వ ప్రతిపాదనల జాబితాలో దాన్ని చేర్చింది. కానీ ఇంగ్లండ్‌లో పార్కుల నిర్వహణ స్థానిక కౌన్సిళ్లకు చట్టప్రకారం తప్పనిసరి బాధ్యత కాదు. 2010 తర్వాత బడ్జెట్లు కోసినప్పుడు తోటమాలి జీతం మీదా కత్తి పడ్డది. లాటరీ నిధి మరమ్మతు చేయిస్తుంది, రోజూ కాలువలో ఆకులు తీసే మనిషిని మాత్రం కౌన్సిలే పెట్టుకోవాలి.

అక్కడి పాత పార్కుల్లో చాలావాటికి ఇంకో చిక్కు ఉంది: చెట్లన్నీ ఒకే ఈడువి. ఒకేసారి నాటారు, ఒకేసారి ముసలివయ్యాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన చెట్లను పడగొట్టాక మనం చేసిందీ అదే, ఖాళీ చోటల్లా ఒక్క ఊపులో నింపేశాం. పడినవాటిలో తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు లాంటివి కోకొల్లలు. వేరు పైపైనే పరుచుకుంది, చుట్టూ సిమెంటు, ఒకవైపు కొమ్మలు కరెంటు తీగల కోసం నరికేసి బరువంతా రెండోవైపు. కొత్త మొక్కల్లో ఇంకో తప్పు దాక్కుని ఉంటుంది. నర్సరీ సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్లు సుడి తిరిగి ఉంటాయి. సంచి చించి, ఆ ముద్దను పైనుంచి కిందికి మూడు నాలుగు చోట్ల కత్తితో గీసి నాటాలి. గీయకపోతే ఆ సుడి అలాగే లావెక్కుతుంది, పదేళ్ల చెట్టు తుఫాను గాలికి వేరు ముద్దతో సహా ఒరిగి పడుతుంది. కాండం విచ్చుకుని వేరయ్యే చోటు నేల మట్టానికే ఉండాలి, మట్టి కిందకి పోకూడదు. ఊతకర్ర ఏడాదికి తీసేయాలి. పార్కులో నాటగలిగిన చోట్లన్నీ ఈ ఏడే నింపకండి. పదింట ఒకటి ఇప్పుడు, ఇంకొకటి వచ్చే తొలకరికి. మధ్యలో కానుగ, పొన్న, వేప, గట్టు మీద తాటి.