పసుపు రేటు ఎవరు పెంచిండ్రు సార్?

ఇది 2024 మేల రాస్తున్న, ఈ నెల 13న ఎంపీ ఎలక్షన్లు. మా నిజామాబాద్ జిల్లా బాల్కొండ దిక్కు ఊర్లల్ల పొద్దుగూకంగనే ఏదో ఒక పార్టీ ప్రచారం బండి వస్తనే ఉన్నది. నాకు ఏ పార్టీ మీద పెద్దగ నమ్మకం లేదు, కానీ ఓటు మాత్రం తప్పకుండ వేస్త, అందుకే మొన్న పంచాయతీ ఆఫీస్ కాడ ఒక అభ్యర్థి కార్నర్ మీటింగ్ అంటే పోయిన. పోయేముందు ఎలక్షన్ కమిషన్ సైట్ల ఆయన అఫిడవిట్ తీసి చదివిన, కేసులు, ఆస్తులు, అప్పులు, ఐదేండ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క అన్నీ అండ్లనే ఉంటయి, ఫోన్ ఉన్నోళ్లు ఎవరైనా చూడొచ్చు, దయచేసి చూడండి. మనిషి పేరు, పార్టీ పేరు రాస్తలేను, ఎందుకంటే నా బాధ ఆయనొక్కని గురించి కాదు.

ఆరు గంటలకు అన్నరు, ఎనిమిది దాటినంక వచ్చిండు. అప్పటిదాక డీజే పాటలే. ఎండల ఉపాధి పనికి పోయొచ్చిన ఆడోళ్లు పొయ్యి కూడ ముట్టియ్యకుండ వచ్చి కూసున్నరు, ఆలస్యమైందమ్మా అని ఒక్కమాట గూడ అనలే, అది నాకు చాన కోపం తెప్పించింది. ఇగ బండ్లు, కుర్చీలు, జెండాలు చూస్తే, ఏడు అసెంబ్లీలున్న నియోజకవర్గంల ఒక్కో అభ్యర్థికి ఉన్న 95 లక్షల ఖర్చు లిమిట్ల ఇదంత ఎట్ల సరిపోతదో ఎవరన్న లెక్క అడగాలె.

స్పీచ్‌ల 'పసుపుకు ఈ రేటు నావల్లనే వచ్చింది' అన్నడు, చప్పట్లు కొట్టిండ్రు. నాకు అక్కడ మనసు ఒప్పలే. 2024ల రేటు లేచింది నిజమే, ఎందుకు లేచింది? ఏండ్లకేండ్లు గిట్టుబాటు గాక రైతులు పసుపు తగ్గించుకుంట వచ్చిండ్రు, మా బాపు గూడ సగం చేన్ల మక్క పెట్టిండు, పంట తక్కువైతే రేటు లేస్తది. తొమ్మిది నెలలు చేన్ల ఉండే పంట ఇది, తవ్వాలె, ఉడకబెట్టాలె, ఎండబెట్టాలె, పాలిష్ పట్టియ్యాలె, అప్పుడు నిజామాబాద్ మార్కెట్‌కు పోవాలె, ఇంత చేసినా మద్దతు ధర లిస్టుల పసుపు పేరే లేదు. 2019 ఫిబ్రవరిల క్వింటాల్‌కు 15 వేలు ఇయ్యమని ఆర్మూర్ కాడ హైవే మీద కూసున్నది ఈ రైతులే. ఆ ఏప్రిల్‌ల ఎంపీ ఎలక్షన్‌కు 178 మంది రైతులు నిలబడ్డరు, మొత్తం అభ్యర్థులు 185 మంది అయితే ఒక్కో బూత్‌ల 12 బ్యాలెట్ యూనిట్లు (ఓటేసే బటన్ల మిషన్లు) పెట్టాల్సి వచ్చింది. అసొంటోళ్ల ముందర నిలబడి నావల్లనే అంటే ఎట్ల ఒప్పుకుంటం?

స్పీచ్ అయిపోంగనే లేచి అడిగిన, సార్ వచ్చే యేడు రేటు పడిపోతే ఏం చేస్తరు, మద్దతు ధర కోసం ఇప్పటిదాక ఎవరికి ఏ తేదీన లెటర్ రాసిండ్రు అని. పక్కనున్న లీడర్ 'తర్వాత మాట్లాడుదాం తమ్మీ' అని నా భుజం మీద చెయ్యేసిండు. వెనుక నుంచి ఒక పెద్దమ్మ 'పిలగాడు మనకోసమే అడుగుతుండు గదా, చెప్పనియ్యిండ్రి' అని గట్టిగ అన్నది. ఆమె అనకపోతే నన్ను ఆడికే కూసుండబెడుదురు.

ఆ అభ్యర్థి బండి దిగి నా దగ్గరికి వచ్చి పసుపు బోర్డు వస్తుంది కదా అన్నడు. బోర్డు 2023 అక్టోబర్‌లనే ప్రకటించిండ్రు, నేను ఇది రాసేనాటికి ఆఫీసే లేదు. అయినా బోర్డు పని ఎగుమతులు, క్వాలిటీ, రీసెర్చ్ చూసుకునుడు, క్వింటాల్‌కు ఇంత అని గ్యారంటీ ఇచ్చుడు కాదు, ఈ రెండూ ఒకటే అన్నట్టు మా రైతులకు చెప్తుండ్రు. అదే ఆయనతోని చెప్పిన. ఆయన కొద్దిసేపు ఆగి 'మద్దతు ధర తెస్తనని నేను మాట ఇయ్యలేను, అది ఢిల్లీల తేలాలె' అన్నడు.

ఆ మీటింగ్‌ల నేను నమ్మిన మాట అదొక్కటే. ఆయన మీద కొంచెం గౌరవం గూడ పుట్టింది. మరి అది మైక్‌ల ఎందుకు చెప్పలే? చప్పట్లు కొట్టినోళ్లు రేపు ఎన్ని గుంటలు పసుపు పెట్టాలె అని ఆ 'నావల్లనే' మాట నమ్ముకొనే లెక్కేసుకుంటరు, అప్పు తెస్తరు.

ఆయన పీఏ నా నంబర్ రాసుకున్నడు, ఫోన్ అయితే ఇంకా రాలే. ఇంకో పార్టీ ఆయన ఆదివారం వస్తుండట. ఇదే ప్రశ్న ఆయనను గూడ అడుగుత, పెద్దమ్మ గూడ వస్తనన్నది, ఆమె 2015ల మూతపడ్డ బోధన్ షుగర్ ఫ్యాక్టరీ గురించి అడుగుతదట.