పండక్కి ముందే స్లాబ్

బుధవారం, డిసెంబరు 18

సైట్‌లో ఇవాళ చెప్పుకోదగ్గ హడావిడి ఏమీ లేదు. పొద్దున ఎనిమిదిన్నరకు మామూలు మీటింగ్, తర్వాత నిన్నటి పని రిపోర్టు, మధ్యాహ్నం కాసేపు కంప్యూటర్ ముందు. అయినా ప్లానింగ్ ఉద్యోగం అంటే ఏమిటో నాకు బాగా అర్థమైన రోజు ఇదే, అందుకే రాసిపెట్టుకుంటున్నాను.

నా చేతిలో ఉన్నది మా అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులోని క్లబ్‌హౌస్ షెడ్యూల్. రెండు భాగాల స్లాబ్. సెంట్రింగ్ సామాను, అంటే స్లాబ్ గట్టిపడేదాకా కింద మోసే పలకలు, జాకీలు, ఒక సెట్టే ఉంది కాబట్టి మొదటి భాగం విప్పితే గానీ రెండోదానికి అవి దొరకవు. షెడ్యూల్ ప్రకారం మొదటి భాగానికి రాడ్ కట్టడం జనవరి 9 నుంచి 17 వరకు, స్లాబ్ 18న. మధ్యలో సంక్రాంతికి రెండు రోజుల సెలవు. ప్రైమవెరా అనే షెడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లో పనుల బార్లన్నీ ఒకదాని వెంట ఒకటి చక్కగా నడుస్తున్నాయి.

మీటింగ్ అయ్యాక రాడ్ బెండింగ్ మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయనది శ్రీకాకుళం వైపు, ముఠాలో సగం మంది అక్కడివాళ్లే. "మేస్త్రీ గారూ, పండక్కి ఎప్పుడు బయల్దేరతారు?" అని అడిగాను.

"భోగికి రెండ్రోజుల ముందే బండెక్కేస్తారమ్మా. ముక్కనుమ అయ్యాక గానీ రారు. టికెట్లు ఎప్పుడో చేసేసుకున్నారు."

అంటే 11 నుంచి 18 వరకు మనుషులు ఉండరు. ఏటా పండక్కి ఊళ్లకు వెళ్లే జనం ఉన్న చోట ఈ ప్రశ్న అడగకుండా జనవరి ప్లాన్ వేయకూడదని నా అభిప్రాయం. రెండు రోజుల సెలవు ఆఫీసు వాళ్లకు సరిపోవచ్చు. ఏడాదంతా పిల్లలకు దూరంగా ఉండి రాడ్ కట్టేవాళ్లకు ఎలా సరిపోతుంది? వాళ్లను ఆపాలని చూడటం నాకు నచ్చదు, వాళ్లు ఆగరు కూడా. పండగ చుట్టూ పనిని సర్దాల్సింది మేమే.

మా మేనేజర్ గారితో చెబితే, "అయితే ఎవరూ పని చెయ్యక్కర్లేని రోజులు ఎక్కడున్నాయో చూడు" అన్నారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. స్లాబ్ పోశాక కాంక్రీటు దానంతట అదే గట్టిపడాలి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, నాలుగున్నర మీటర్లు దాటితే స్లాబ్ కింద జాకీలు కనీసం 14 రోజులు కదపకూడదు. మా హాలు స్పాన్ అంతకంటే ఎక్కువే. జనవరి 9కి స్లాబ్ పడితే 23 వరకు ఎలాగూ విప్పడానికి లేదు. ముఠా పండగ అంతా ఆ 14 రోజుల్లోనే వచ్చేస్తుంది! తిరిగొచ్చాక విప్పే రోజు వరకు రెండో భాగానికి రాడ్ కట్ చేసి వంచుకుంటారు. అదే 18ని పట్టుకుని కూర్చుంటే, వాళ్లు వచ్చి మిగతా రాడ్ కట్టి, స్లాబ్ పోసి, మళ్లీ 14 రోజులు ఆగేసరికి ఫిబ్రవరి రెండో వారం.

మరి 9కి ఎందుకు పెట్టలేదు? సెంట్రింగ్ ఈ నెలాఖరుకే అయిపోతుంది, స్టీల్ యార్డులోనే ఉంది. వెతికితే అడ్డంకి ఎలక్ట్రికల్ డ్రాయింగ్ దగ్గర తేలింది. కింది వరస రాడ్ కట్టాక ఎలక్ట్రీషియన్లు పైపులు, ఫ్యాన్ బాక్సులు వేస్తారు, ఆ తర్వాతే పై వరస కడతారు. పాత షెడ్యూల్లో ఈ మూడూ కలిపి ఒకే లైను. దాన్ని మూడుగా విడగొట్టగానే డ్రాయింగ్ కోసం ఆగుతున్నది నడిమి పని ఒక్కటేనని కనబడింది. 1957లో డ్యుపాంట్ కంపెనీలో వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీలో కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతి తయారుచేశారని చదువుకున్నాను. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో పట్టుకోవడమే అందులో అసలు విషయం. పరీక్ష కోసం చదివినప్పుడు అది బాణాల బొమ్మ. ఇవాళ అది ఫలానా టేబుల్ మీద ఆగిపోయిన ఒక కాగితం.

ఆర్కిటెక్ట్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఫాల్స్ సీలింగ్ డిజైన్ ఖరారు కాలేదని, అందుకే ఆపామని అన్నారు. "స్లాబ్‌లోకి మాకు కావాల్సింది పాయింట్లు ఎక్కడో, పైపు ఎటు వెళ్లాలో అంతే కదండీ, మిగతాది తర్వాత ఇవ్వొచ్చా?" అని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి, 24కి పాయింట్ల డ్రాయింగ్ పంపుతామన్నారు. ఎంత సంతోషమేసిందో!

నీళ్లు పట్టే సంగతి మిగిలింది. మా కాంక్రీటులో ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఉంది కాబట్టి కనీసం పది రోజులు తడి ఆరకూడదు, అదీ సరిగ్గా పండగ రోజుల్లోనే. ఒడిశా నుంచి వచ్చిన ఇటుక పనివాళ్లను అడిగాను. వాళ్లు ఇప్పుడు ఊరెళ్లడం లేదట. ఇద్దరు ఉంటామన్నారు. స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలబెడితే పూటపూటా చూసుకుంటే చాలు. వాళ్లకు ఆ రోజులకు అదనంగా కూలి ఇవ్వాలని రిపోర్టులో విడిగా రాశాను, మర్చిపోతారేమోనని.

సాయంత్రం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ ఆఖరి ఏడాది. "అక్కా, పీఎంపీ సర్టిఫికెట్ చేస్తే డైరెక్టుగా ప్రాజెక్టు మేనేజర్ అయిపోవచ్చా?" అంటాడు. పీఎంపీకి డిగ్రీ ఉన్నవాళ్లకు కూడా 36 నెలల అనుభవం అడుగుతారు, కొత్తవాళ్లకు సీఏపీఎం అనే సర్టిఫికెట్ ఉంది, 23 గంటల శిక్షణ, 150 ప్రశ్నలు, మూడు గంటల పరీక్ష అని చెప్పాను. నేనూ దానికే చదువుతున్నాను, చదవడం మంచిదే. కానీ వాడికి గట్టిగా చెప్పింది ఇంకొకటి: ఏ రంగంలోకి వెళ్లినా ముందు అక్కడ పని ఏ వరసలో జరుగుతుందో కళ్లతో చూడు, చేసేవాళ్లను అడుగు. సాఫ్ట్‌వేర్ అయితే కోడ్ రాసేవాళ్ల పక్కన, టెస్టింగ్ చేసేవాళ్ల పక్కన కూర్చో. వాడికి అంతగా నచ్చలేదనుకుంటా, జీతం ఎంతొస్తుందని అడిగాడు. అదీ చెప్పాను.

మార్చిన షెడ్యూల్ ఏడింటికి మెయిల్ పెట్టాను. "రేపు మీటింగ్‌లో నువ్వే చెప్పు" అని మేనేజర్ గారి నుంచి జవాబు. కాంట్రాక్టర్లందరి ముందు మాట్లాడాలంటే టెన్షన్‌గానే ఉంది. దానికంటే ముందు ఆర్‌ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) ప్లాంటుకు ఫోన్ చేసి 9న కాంక్రీటు పైకి పంపే బూమ్ పంపు ఖాళీగా ఉందో లేదో కనుక్కోవాలి. పండక్కి ముందు అందరికీ అదే వారంలో స్లాబులు ఉంటాయి.