అటక మీది నుంచి చలికాలం

పొద్దున కొబ్బరినూనె సీసా బోర్లిస్తే చుక్క రాలేదు. మా ఆదిలాబాద్‌లో చలి వచ్చిందనడానికి వేరే కబురు అక్కర్లేదు. 24 డిగ్రీలు దాటి కిందికి దిగితే చాలు, అది గడ్డకట్టేస్తుంది. పంచాంగం ప్రకారం ఇంకా కార్తీకమే, అంటే శరదృతువే. హేమంతం మార్గశిరంలో కదా! మా ఊరి చలికి అంత ఓపిక ఎక్కడిది?

ఆదివారం అటక ఎక్కి రగ్గులు, బొంతలు దించాను. గీజర్ వేస్తే వెంటనే ట్రిప్పయింది, ఎలక్ట్రీషియన్ రేపు వస్తానన్నాడు. ఆ 'రేపు' ఎప్పుడో చూడాలి.

అమ్మ పాత నేత చీరలు నాలుగు పొరలు వేసి కుట్టిన బొంత ఒకటుంది. డాబా మీద ఎండలో పరిచి కర్రతో దులుపుతుంటే, మడతలోంచి నాన్న మంకీ క్యాప్ పడింది. గోధుమ రంగుది, చెవి దగ్గర చిన్న చిరుగు. కలరా ఉండల వాసన తప్ప ఇంకేం లేదు అందులో. అయినా చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్నా. నాన్న లేని మొదటి చలికాలం ఇది. ఇల్లు సర్దడం తేలికే, ఆరింటికే చీకటి పడిపోయే ఈ సాయంత్రాలంటేనే నాకు టెన్షన్.

అమ్మ పైకొచ్చి చూసింది. ఏమీ అడగలేదు. టోపీ తీసుకుని, "ఉతికి ఆరేస్తా, చిరుగు నువ్వు కుట్టు. పొద్దున పాలకెళ్లేటప్పుడు పెట్టుకుందువుగాని" అంది.

సూదిలో దారం ఎక్కించేసరికి ఎండ వెళ్లిపోయింది.