మొరం గుంత దగ్గరే ఆగిపోతున్న జిమ్నీ

ఈ ఆదివారం కూడా నా మారుతీ జిమ్నీ మొరం గుంతలోంచి పైకి రాలేదు. మళ్లీ అదే చోట, మళ్లీ అవే రెండు చక్రాలు ఊరికే తిరిగాయి. చిరాగ్గా ఉంది. కాకపోతే ఈసారి టేపు, ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పట్టుకుని వెళ్లాను కాబట్టి చెప్పడానికి లెక్కలున్నాయి.

మిగతావి ఒక్క మాటలో: వాగు ఇసుకలో టైర్ల గాలి 16 పీఎస్‌ఐకి తగ్గిస్తే హాయిగా తిరిగింది, కుంట వెనకాల రేగడి బురదా దాటింది.

కొత్త బండి కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు అడుగుతున్నారు కాబట్టి అదీ చెప్పేస్తా. మహీంద్రా థార్, ఫోర్స్ గూర్ఖా, జిమ్నీ మూడూ నడిపి చూశాకే తీసుకున్నా. మూడింట్లో ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్నది జిమ్నీకే. బరువు దాదాపు 1.2 టన్నులు, వెడల్పు 1,645 మిల్లీమీటర్లు, హనుమకొండ గల్లీల్లో అద్దాలు మడవకుండా పోవచ్చు. గూర్ఖాకు ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులూ (ఒక ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేవి) కంపెనీ నుంచే వస్తాయి, అందుకు దండం పెట్టాలి. కానీ రోజూ ఆఫీసుకు తిప్పడానికి నాకు నచ్చలేదు. ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 22న జీఎస్‌టీ మారాక చిన్న కార్లకు 18 శాతమే కదా అని లెక్కేసుకుని షోరూంకు వెళ్లకండి. జిమ్నీ పొడవు నాలుగు మీటర్ల లోపే, కానీ ఇంజిన్ 1,462 సీసీ. పెట్రోల్ బండికి 1,200 సీసీ దాటితే 40 శాతమే.

ఇక అసలు సంగతి. ధర్మసాగర్ వైపు మామ వాళ్ల చెలక పక్కన మొరం తీసి వదిలేసిన గుంత ఉంది. బయటికొచ్చే దారి ఆరు మీటర్ల ఎక్కుడు, వాలు 24 డిగ్రీలు. సగం దాటాక టిప్పర్లు తొక్కిన రెండు గుంటలు: పైది ఎడమవైపు, 34 సెంటీమీటర్ల లోతు, కిందది కుడివైపు, 29 సెంటీమీటర్లు. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి వాటిలోకి దిగి వేలాడతాయి. మిగతా రెండు నేలను గట్టిగానే పట్టుకుని ఉంటాయి, కానీ కదలవు.

ఒకటో గేర్ లో-రేంజ్‌లో (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల వరుస) 1,500 ఆర్‌పీఎం దగ్గర బ్రేక్ ఎల్‌ఎస్‌డీ (ఊరికే తిరిగే చక్రానికి బ్రేకేసి బలాన్ని అవతలి చక్రానికి పంపేది) కటకటమంటుంది, బండి నిలబడిపోతుంది. 2,500 దగ్గర ఓ జానెడు ముందుకొచ్చి మళ్లీ గుంటలోకి జారుతుంది. 3,000 దాటిస్తే వేలాడే చక్రం మొరాన్ని చిమ్మి గుంటను ఇంకా లోతు చేస్తుంది. గాలి 26 నుంచి 22కు, 18కి, 16కు తగ్గించినా తేడా లేదు. ఉండదు కూడా, బరువే పడని చక్రంలో గాలి ఎంతుంటే ఏం? రివర్స్‌లో ఎక్కించబోయినా అక్కడే ఆగింది. కొంచెం ఏటవాలుగా పోతే పక్కకు 19 డిగ్రీలు ఒరిగింది, ఆ టెన్షన్ నా వల్ల కాలేదు. కింది నుంచి ఊపు మీద రమ్మని స్నేహితుడి సలహా. ఆ పద్ధతి నాకు అస్సలు పడదు. ఎక్కితే ఎక్కుతుంది, కానీ ముందు యాక్సిల్ దబ్బున పడే చప్పుడు వినలేను.

గట్టు మీద నిలబడి చూస్తున్న మామ, "ఏంది అల్లుడూ, ట్రాక్టర్ తేవాల్నా?" అని రెండుసార్లు అడిగిండు.

టేపు పెట్టి కొలిస్తే తేలింది ఇదీ. రెండు గుంటల మధ్య పొడవునా 2.58 మీటర్లు. నా బండి వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2.59. అంటే రెండు చక్రాలూ సరిగ్గా గుంటల అడుగుకే చేరుతున్నాయి. మూడు డోర్ల థార్ వీల్‌బేస్ 2.45 మీటర్లు. దాని ముందు చక్రం అడుగులో ఉన్నప్పుడు వెనకది అడుగు దాటి 13 సెంటీమీటర్లు ఎగువన ఉంటుంది. కింది గుంటలో సగం వరకు రాళ్లు పేర్చి చూశా, 1,500 ఆర్‌పీఎంతోనే ఎక్కేసింది! రాళ్లు తీసేశా. అవి లేకుండానే ఎక్కాలి.

ఇంకో అనుమానం ఇంజిన్ మీద. ఈ ఇంజిన్ టార్క్ 134 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 ఆర్‌పీఎం దగ్గర. కింది ఆర్‌పీఎంలో ఉన్న కాస్త బలంలో కొంత తిరిగే చక్రాన్ని పట్టుకున్న బ్రేకే తినేస్తే, వాలు ఎక్కించడానికి మిగిలేది తక్కువే. థార్ ఉన్న మిత్రుణ్ని వచ్చే వారం రమ్మన్నా. అతని బండికి వెనక లాకర్ ఉంది కాబట్టి, ఎక్కితే అది లాకర్ గొప్పా, వీల్‌బేస్ తేడానా అన్నది కూడా తేల్చుకోవాలి.

టైర్లు మారిస్తే ఎక్కుతుందని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. 195/80 ఆర్15 తీసి 215/75 ఆర్15 వేస్తే బండి లేచేది ఐదు మిల్లీమీటర్లు. అయినా రేగడి కోసం జియోలాండర్ ఏటీ వేయిస్తా, అది వేరే లెక్క. మొదట చేసేది ముందు చక్రాల స్టెబిలైజర్ బార్ (బండి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపి పట్టే కడ్డీ) లింకులు విప్పి చూడటం. చక్రం ఇంకో నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగినా నేల తగులుతుందేమో. వానలు పడితే గుంటల ఆకారమే మారిపోతుంది కాబట్టి ఆలోపే కావాలి.

పాకాల, ఏటూరునాగారం అడవిలోకి పోదామని అడిగేవాళ్లకు: అవి అభయారణ్యాలు, అక్కడ దారి దిగి బండి నడిపేది లేదు. వానల్లో బొగత జలపాతం దాకా తారు రోడ్డు మీదే వెళ్దాం. కంప్రెసర్, రెండు ట్రాక్షన్ బోర్డులు (కూరుకున్న చక్రం కింద పెట్టే పలకలు) నేను తెస్తా, గుంజే తాడు ఇంకెవరైనా తెండి.