బుల్లెట్ సైలెన్సర్ మార్చేటప్పుడు ఏది ముందు బిగించాలి?

మైపాడు, కొత్తపట్నం వైపు రోజూ తిరిగే బళ్లకి ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేవి బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి పొగ తెచ్చే వంపు పైపు) నట్లే. యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండేది) క్లాసిక్ 350కి హెడ్ (ఇంజిన్ పైభాగం) దగ్గరుండే ఆ రెండు నట్లకీ రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. పొద్దున కదలకపోతే బలం పెట్టొద్దు. కాస్త వదులు చేసి, మళ్లీ కాస్త బిగిస్తూ తిప్పండి. అల్యూమినియం హెడ్‌లో స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) విరిగిందంటే ఇక లేతు షాపు పనే.

పాత గ్యాస్కెట్ (హెడ్‌కీ పైపుకీ మధ్య లీకు ఆపే రింగు) మళ్లీ వాడకండి. కొత్తది పెట్టి, నట్లూ బోల్టులూ అన్నీ ముందు చేత్తోనే ఎక్కించండి. తర్వాత హెడ్ దగ్గరి నట్లు అటు కొంచెం, ఇటు కొంచెం, ఆపైన బెండ్ పైపునీ సైలెన్సర్‌నీ కలిపి పట్టే క్లాంపు, చివరగా సైలెన్సర్‌ని బండికి పట్టే వెనక బ్రాకెట్ బోల్టు. చాలామంది బ్రాకెట్‌తో మొదలుపెడతారు. అలా చేస్తే పైపు లాగుడు మీదే ఉండిపోయి, వైబ్రేషన్‌కి వెల్డింగ్ దగ్గర చీలుతుంది. బ్రాకెట్ దగ్గర సందు మిగిలితే పైపును లాక్కురాకుండా వాషర్ వేయండి.

స్టార్ట్ చేసేముందు వేలిముద్రలు తుడవాలి, లేకపోతే మరకలు క్రోమ్ మీద కాలి ఉండిపోతాయి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టప్ టప్ మంటున్నా, హెడ్ దగ్గర మసి కనిపించినా లీకుందనే. ఇంజిన్ వేడెక్కి చల్లారాక ఇంకోసారి బిగించండి.

నా మటుకు మన తీరంలో ధర ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనమంటాను. శబ్దం పరిమితి దాటితే మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా.