శనివారం ఆట, ఆదివారం కొవ్వొత్తి

"కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది." (కీర్తనలు 130:6)

2023 డిసెంబరు 3. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఎదురుచూసే ఆగమన కాలంలో మొదటి ఆదివారం. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం పన్నెండు, అలబామాలో పదకొండు, అంటే అక్కడి చాలా చర్చిల్లో ఆరాధన మధ్యలో ఉన్న వేళ. సరిగ్గా ఆ వేళకే టీవీలో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి, అంటే ఛాంపియన్‌ను తేల్చే చివరి పోటీలకు, ఎంపికైన నాలుగు జట్ల పేర్లు చదివారు. ఫ్లోరిడా స్టేట్ ఆ సీజన్‌లో 13 ఆటలాడి పదమూడూ గెలిచింది. అయినా దాని పేరు రాలేదు. ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు కాబట్టి ఇది మునుపటి జట్టు కాదని ఎంపిక కమిటీ తేల్చింది. నాలుగో చోటు ముందురోజే జార్జియాను 27-24 తేడాతో ఓడించిన అలబామాకు దక్కింది. ఒక్క ఆటా ఓడకుండా సెప్టెంబరు నుంచి ఎదురుచూసినవాళ్ళకు మిగిలింది ప్లేఆఫ్‌తో సంబంధం లేని ఆరెంజ్ బౌల్ అనే ఒక్క ఆట. అందులో అదే జార్జియా చేతిలో 63-3తో ఓటమి.

ఆ ఆదివారమే చర్చిల్లో, వారానికొకటి చొప్పున వెలిగించే నాలుగు ఆగమన కొవ్వొత్తుల్లో మొదటిది వెలిగింది. రెండూ ఎదురుచూపులే. అయితే కీర్తనకారుడు పోలిక కోసం అభిమానిని పట్టుకోలేదు, రాత్రి కావలివాణ్ణి పట్టుకున్నాడు. ఎందుకో ఆలోచించాలి. కావలివాడికి చలి తప్పదు, నిద్ర తూగు తప్పదు, దొంగల భయం తప్పదు. తెల్లవారుతుందా లేదా అన్న అనుమానం మాత్రం ఉండదు. ఏ కమిటీ కూర్చుని ఈరోజు పొద్దు పొడవాలో వద్దో తేల్చదు. అభిమాని సంగతి అది కాదు. తను కోరుకున్నది రాకపోవచ్చని తెలిసీ కూర్చుంటాడు, నిజానికి ఆ రాకపోవచ్చు అన్నదే అతన్ని కుర్చీ అంచున కూర్చోబెడుతుంది.

తెలుగు బైబిల్ అనువాదకులు ఇక్కడ వాడిన మాట గొప్పది. కనిపెట్టడం అంటే ఇప్పటి పిల్లలకు ఎడిసన్ బల్బు కనిపెట్టడమే. అమ్మమ్మలు వాడేది వేరు: "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు." ఎదురుచూడటం, గమనించడం, కాపాడటం, మూడూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. పాలు పొంగే లోపు నాలుగడుగులు అటు వేసిరావచ్చు, మనసు మాత్రం పొయ్యి దగ్గరే ఉండాలి. ఆగమన కాలం అడిగేది అదే. పైగా హెబ్రీలో "ఉదయం కోసం కావలివారు" అన్న మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది, మన అనువాదంలోనూ ఆ వాక్యం మళ్ళీ వస్తుంది. చదివేటప్పుడు అచ్చుతప్పు అనుకుని రెండోదాన్ని దాటేయకండి. కావలివాడి రాత్రి పొడవు ఆ రెండోసారిలోనే ఉంది.

మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఆగమన కాలం అంతగా అలవాటు లేకపోవచ్చు. కతోలిక, లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో ఉంది. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ అమెరికాలోని పెన్సిల్వేనియా వాళ్ళు పంపినవాడే. కానీ ఎన్నో స్వతంత్ర సంఘాల్లో డిసెంబరు మొదలైతే చాలు, సెమీ క్రిస్మస్ పేరుతో రోజుకో చోట కేకు కోస్తారు. సంతోషమే, కాదనం. ఇరవై అయిదో తేదీ వచ్చేసరికి పిల్లలకు కేకు మొహం మొత్తి ఉంటుందన్నదే మా గొణుగుడు.

అమెరికాలో స్థిరపడిన కుటుంబాల్లో, పిల్లలు ఆస్టిన్‌లోనో కొలంబస్‌లోనో చదువుతున్న ఇళ్ళలో, డిసెంబరుకు రెండు పంచాంగాలు, ఒకటి ఆటది, ఒకటి చర్చిది. (ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్నే ఆట కాదని అమ్మమ్మ తాతయ్యలకు ప్రతి ఏడాదీ చెప్పాల్సిందే. పదిహేను నిమిషాల క్వార్టర్లు నాలుగే, పూర్తవడానికి మాత్రం మూడున్నర గంటలు.) 2024లో టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎం జట్లు పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ తలపడింది నవంబరు 30న. మర్నాడే ఆగమన మొదటి ఆదివారం. కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) ఫైనళ్ళు డిసెంబరు 7న, రెండో ఆదివారానికి ముందురోజు. సైన్యం, నౌకాదళం కాలేజీల మధ్య జరిగే ఆర్మీ-నేవీ ఆట 14న, ప్లేఆఫ్ తొలి రౌండు 20, 21 తేదీల్లో. కాలేజీ ఆట ముఖ్యంగా శనివారానిది, ఆగమనం ఆదివారానిది. కాబట్టి నిజమైన గొడవ అనుకున్నంత లేదు. ఆదివారం ఆరాధన వేళకు వచ్చే ఆ ఎంపిక ప్రకటన ఒక్కటే నేరుగా ఢీకొంటుంది. ఆ గంట ఫోను కారులో వదిలేయండి. పేరు వచ్చినా రాకపోయినా ఆరాధన అయ్యాక కూడా అదే జవాబు ఉంటుంది.

ఇక కొవ్వొత్తుల చక్రం. దీన్ని 1839లో హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాస్టరు తన అనాథ పిల్లల కోసం మొదలుపెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని రోజూ అడిగే పిల్లలకు బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడు. ఇంట్లో చేసుకునేది దానికి చిన్న రూపం. అడుగు వ్యాసం ఉన్న తీగ వలయం, నాలుగు కొవ్వొత్తి గూళ్ళు, పది అంగుళాల సన్నని కొవ్వొత్తులు నాలుగు: మూడు ఊదా, ఒకటి గులాబీ రంగు. మధ్యలో లావాటి తెల్లది ఒకటి, అది క్రిస్మస్‌కి. కొన్ని లూథరన్ ఇళ్ళలో ఊదాకు బదులు నీలం పెడతారు. చుట్టూ ఫర్ లేక పైన్ రెమ్మలు, ఒక్కో గుప్పెడు తీసుకుని అన్నీ ఒకే దిక్కుకు వాలేలా సన్న తీగతో కట్టాలి. ఒక గుప్పెడు కాడల్ని తర్వాతి గుప్పెడు ఆకులు కప్పేయాలి. కొవ్వొత్తి గూట్లో వదులుగా ఉంటే అడుగున అల్యూమినియం రేకు చుట్టి బిగించండి. వంగి నిలబడ్డ కొవ్వొత్తి ఒకవైపే కరిగి, మైనం రెమ్మల మీదికి కారుతుంది. నిటారుగా ఉన్నా కారుతోందంటే గాలి తగులుతోందని అర్థం. పైన ఫ్యానో, నేలలో హీటర్ గాలి వచ్చే జాలీయో చూసి బల్ల జరపండి. వత్తి పావు అంగుళానికి కత్తిరిస్తే పొగ రాదు. హీటరు వేసిన ఇంట్లో రెమ్మలు రెండు వారాల్లో ఎండిపోతాయి. వంచితే పుటుక్కున విరిగే రెమ్మను దీపం దగ్గర ఉంచకూడదు, తీసేసి కొత్తవి కట్టాలి.

ఎంతసేపు వెలిగించాలో లెక్క వేసుకోండి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సన్న కొవ్వొత్తి గంటకు సుమారు అంగుళం తరుగుతుంది. రోజూ పదిహేను నిమిషాలు చొప్పున 28 రోజులంటే ఏడు గంటలు. మొదటి కొవ్వొత్తి పది అంగుళాల్లో ఏడు పోయి మూడు మిగులుతుంది. ఆగమనం ఎప్పుడూ 28 రోజులు ఉండదు. 2022లో క్రిస్మస్ ఆదివారమే వచ్చింది కాబట్టి నిండా 28. 2023లో 22 రోజులే, నాలుగో ఆదివారం డిసెంబరు 24నే పడింది, నాలుగో కొవ్వొత్తికి ఆ ఒక్క సాయంత్రమే దక్కింది. ఇప్పుడు చక్రాన్ని టీవీ పక్కన పెట్టి, వెలిగించి, ఆట మొదలుపెట్టారనుకోండి. మూడున్నర గంటల్లో మూడున్నర అంగుళాలు. రెండు శనివారాలు అలా గడిస్తే మొదటి కొవ్వొత్తి క్రిస్మస్‌ను చూడదు. దీపం వెలుగుతుంటే దాని దగ్గర మనిషి ఉండాలన్నది ఎలాగూ మారని నియమం. "హాఫ్‌టైమ్‌లో కానిచ్చేద్దాం" అనే సలహా కూడా వినిపిస్తుంది. కాలేజీ ఆటలో విరామం ఇరవై నిమిషాలు, లెక్క ప్రకారం సరిపోతుంది. కానీ అందరి చెవులూ టీవీ వైపే ఉంటాయి, కనిపెట్టడం మాత్రం జరగదు. ఆదివారం రాత్రి భోజనానికి ముందు, టీవీ ఆపేసి, ఇంట్లో లైట్లన్నీ తీసేసి వెలిగించండి. మొదటి వారం ఒక్క కొవ్వొత్తి వెలుగులో కంచం కూడా సరిగా కనబడదు. ఆ చీకటి పిల్లలకు గుర్తుంటుంది. వారంవారం కంచం ఇంకాస్త బాగా కనబడుతుంది, దాని గురించి వివరణ అక్కర్లేదు. ఊది ఆర్పితే మైనం చిందుతుంది, చిన్న లోహపు మూతతో ఆర్పించండి. అందుకోసం పిల్లల మధ్య వంతుల గొడవ తప్పదు, గోడ మీద పేర్లు రాసి పెట్టండి.

క్రిస్మస్ చెట్టు విషయంలోనూ ఇదే పొరపాటు మరో రూపంలో వస్తుంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి శనివారం పొద్దున్నే చెట్టు కొనుక్కొస్తారు, ఆట చూశాక నిలబెడదామని గరాజ్‌లో పడేస్తారు. మొదలు కోశాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లో నీటిలో పెట్టకపోతే జిగురు కమ్ముకుని ఆ కోత మూసుకుపోతుంది, ఇక చెట్టు నీళ్ళు తాగదు. పైగా రాత్రికి మరో ఆట ఉండనే ఉంటుంది. మర్నాటి దాకా ఆగితే అడుగున మళ్ళీ అర అంగుళం మందాన బిళ్ళ కోయాలి, అడ్డంగా నేరుగా, ఏటవాలుగా కాదు. స్టాండులో పట్టడం లేదని పక్కల బెరడు చెక్కకండి, నీళ్ళు ఎక్కువగా పీల్చేది బెరడుకు ఆనుకున్న పొరే. మొదలు వ్యాసం అంగుళానికి ఒక క్వార్ట్, అంటే లీటరుకు కాస్త తక్కువ నీళ్ళు పట్టే తొట్టి కావాలి. నాలుగు అంగుళాల మొదలుకు ఒక గాలన్. మొదటి రోజు అదంతా తాగేయవచ్చు. పంచదార, ఆస్పిరిన్ లాంటివి కలపక్కర్లేదు, మామూలు నీళ్ళు చాలు. రోజూ రెండుపూటలా తొట్టి చూసే పని ఇంట్లో పదేళ్ళవాడికి అప్పగించండి. కనిపెట్టుకుని ఉండటం అంటే ఏమిటో వాడికి వేరే చెప్పనక్కర్లేదు.

శనివారాల్లో పిల్లల్ని తప్పకుండా కూర్చోబెట్టి చూపించాల్సిన ఆట ఒకటుంది, ఆర్మీ-నేవీ. డిసెంబరు రెండో శనివారం. ఆట కంటే అయిపోయాక జరిగేది చూపించాలి. రెండు జట్లూ కలిసి ముందుగా ఓడినవాళ్ళ విద్యార్థుల ముందుకు వెళ్ళి నిలబడతాయి, వాళ్ళ కాలేజీ గీతం వింటాయి. ఆ తర్వాతే గెలిచినవాళ్ళ వైపు నడుస్తాయి. అందుకే ఈ ఆటలో గెలవడాన్ని "రెండోసారి పాడటం" అంటారు. 2024లో నేవీ 31-13తో గెలిచి, ముందు ఆర్మీ పాట విని, తర్వాత తన పాట పాడింది. చాలామంది స్కోరు తేలగానే ఛానెల్ మార్చేస్తారు, ఆ అయిదు నిమిషాలు పోగొట్టుకుంటారు. 2024లోనూ 2025లోనూ మర్నాడే గులాబీ కొవ్వొత్తి వెలిగించే మూడో ఆదివారం వచ్చింది. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న ఫిలిప్పీ పత్రిక మాట మీద నిలిచిన ఆదివారం అది. పౌలు ఆ మాట రాసింది సంకెళ్ళలో ఉండి. గెలిచినవాడి ఉత్తరం కాదది, రోమా లెక్క ప్రకారం ముందు పాడాల్సినవాడిది.

క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ ఇల్లు నిండుతుంది. హాస్టళ్ళ నుంచి పిల్లలొస్తారు, గులాబీ పువ్వుల అచ్చు బయటికొస్తుంది. (అచ్చు నూనెలో బాగా కాగకుండా పిండిలో ముంచితే పిండి పట్టదు, పై అంచు దాటి ముంచితే పువ్వు ఊడిరాదు. ముప్పావు వంతే ముంచాలి.) 2024లో ప్లేఆఫ్ పన్నెండు జట్లకు పెరిగాక తొలి రౌండు కాలేజీల సొంత మైదానాల్లోనే పెడుతున్నారు. మొట్టమొదటిది డిసెంబరు 20న నోటర్ డామ్‌లో జరిగింది. ఆ పేరుకు అర్థం మన మరియమ్మే. ఇండియానా మీద 27-17. ఆ వారాంతంలో నాలుగు ఆటలూ ఆతిథ్యమిచ్చిన జట్లే గెలిచాయి. క్యారల్స్ ప్రాక్టీసు పెట్టే పెద్దలు ఆ శుక్ర, శనివారాల్ని ముందే చూసుకుంటే మంచిది. లేకపోతే వచ్చేది సోప్రానోలు, అంటే ఆడవాళ్ళ పైస్థాయి గొంతులే, మగవాళ్ళ బాసు గొంతులు ఒక్కటీ రావు.

డిసెంబరు 24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధన. కాగితపు చక్రం గుచ్చిన చిన్న కొవ్వొత్తి ఒక్కొక్కరి చేతికిస్తారు. మంట ఒకరి నుంచి ఒకరికి అందించేటప్పుడు వెలుగుతున్నదాన్ని వంచకూడదు, వంచితే కరిగిన మైనం చేతి మీదో కార్పెట్ మీదో పడుతుంది. వెలుగుతున్నది నిటారుగా ఉండాలి, వెలగనిది వంగి రావాలి. ఏడేళ్ళ లోపు పిల్లలకు బ్యాటరీది ఇవ్వండి. అదే రాత్రి హోనొలులూలో హవాయి బౌల్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఉంటుంది. 2024లో అది స్కోరు సమమై అయిదు ఓవర్‌టైములు (అదనపు ఆట) సాగింది, సౌత్ ఫ్లోరిడా 41-39తో గెలిచేసరికి తూర్పు తీరంలో అర్ధరాత్రి దాటింది. ఇంట్లో ఎవరో ఒకరు సోఫాలో నిద్రపోకుండా చూస్తూనే ఉంటారు. వాళ్ళని తిట్టకండి. లూకా చెప్పిన కాపరులు కూడా ఆ రాత్రి ప్రార్థనలో లేరు, మంద దగ్గర మేలుకుని ఉన్నారు. ఆట అయ్యాక టీవీ ఆపి, మధ్యలోని తెల్ల కొవ్వొత్తి వాళ్ళచేతనే వెలిగించండి. పక్కన మూడు అంగుళాలు మిగిలిన మొదటిదాన్ని కూడా. తర్వాత కీర్తన చదవండి, ఆరో వచనంలో ఆ మాట రెండుసార్లూ.